బూటు అడుగు చూసి స్కీ బైండింగ్ ఎంచుకోవడం ఎలా: విశాఖ నుంచి మంచుకొండలకు వెళ్లేవారికి

తెలుగులో పొగమంచూ మంచే, హిమమూ మంచే. అందువల్ల లంబసింగి వెళ్లి వచ్చిన ప్రతివారూ మంచు చూశామని చెప్పగలరు గాని, స్కీలనే పొడవాటి పలకలు కాళ్లకు కట్టుకుని జారదగిన మంచు కావాలంటే విశాఖవాసి ఢిల్లీ మీదుగా గుల్మార్గ్‌కో, ఔలీకో, మనాలీ పక్కనున్న సోలంగ్‌కో వెళ్లక తప్పదు. అక్కడ స్కీలు అద్దెకు దొరుకుతాయి. బూట్లు మాత్రం అద్దెవి అందరి కాళ్లకూ సరిపోవు కనుక, రెండు మూడు సార్లు వెళ్లినవారు సొంత బూట్లు కొనుక్కుంటారు. ఆ తరువాత స్కీలు, వాటితోపాటు బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ కొనాలన్న కోరిక పుడుతుంది. సరిగ్గా అక్కడే తప్పు జరుగుతుంది. బైండింగ్‌ను ధర చూసో, పేరు చూసో, దాని మీద ముద్రించిన పెద్ద అంకె చూసో కొంటారు తప్ప బూటు అడుగు చూసి కొనరు.

ఆ తప్పు నేనూ చేశాను. స్కీ సీజన్ చివర దేశం విడిచి వెళ్తున్న ఒక యాత్రికుడి దగ్గర మంచి బూట్లు చవకగా దొరికితే కొన్నాను. డెన్వర్‌లో ఉంటున్న మా బావమరిది సెలవులకు వస్తూ, ‘బావా, బైండింగ్ తెమ్మన్నావు, బూటు కొలత ఎంత?’ అని అడిగితే, ఇరవై ఏడున్నర అని చెప్పి ఊరుకున్నాను. అది పాదం పొడవు. అతనికి కావలసింది అడుగు పొడవు, అడుగు రకం. రెండూ నేను చెప్పలేదు, అతనికి అడగాలని తెలియదు. తీరా కొండమీద పనిచేసే మెకానిక్ ఆ బూటును ఒకసారి తిరగేసి, బైండింగ్ వంక చూసి, తల అడ్డంగా ఊపాడు. సముద్రాలు దాటి వచ్చిన ఆ బైండింగ్ పెట్టెలోనే తిరిగి పెదవాల్తేరు చేరింది.

బైండింగ్ అంటే బూటును స్కీకి పట్టి ఉంచే యంత్రం. బొటనవేలి వైపు ముందరి పట్టు, వెనుక మడమ పట్టు, స్కీ మన కాలి నుంచి ఊడిపోతే అది కొండ దిగువకు జారిపోకుండా ఆపే బ్రేకు, ఇవి దాని ముఖ్య భాగాలు. జారుతున్నంతసేపూ బూటును కదలనివ్వకుండా పట్టుకోవాలి, పడినప్పుడు మాత్రం ఎముక విరగకముందే వదిలిపెట్టాలి. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన హ్యాల్మర్ వామ్ అనే స్కీ క్రీడాకారుడు తన కాలు విరిగిన అనుభవం నుంచే ఇటువంటి వదిలిపెట్టే బైండింగ్‌ను రూపొందించి పేటెంట్ పొందాడు. ఒక సంగతి ముందే తెలుసుకోండి: నేటి బైండింగులు ప్రధానంగా మోకాలి కింది ఎముకను కాపాడేందుకు రూపొందినవి. మోకాలి లోపలి లిగమెంట్లు, అంటే ఎముకలను కలిపి ఉంచే పట్టీలు, తెగకుండా ఇవి పూర్తిగా కాపాడతాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

మొదటి అడుగు: బూటును బోర్లించండి

పాత దినపత్రిక పరచి, దాని మీద బూటును బోర్లించి, వెలుతురు పక్కనుంచి పడేలా కూర్చోండి. బూటు తయారుచేసినప్పుడు ప్లాస్టిక్‌లోనే పోతపోసిన అక్షరాలూ అంకెలూ మడమ పక్కనా, అడుగునా ఉంటాయి. నల్లని ప్లాస్టిక్ మీద నల్లని అక్షరాలు కనుక కంటికి ఆనవు. చిటికెడు ముగ్గుపిండి అద్ది వేలితో రుద్ది, పైపైన పొడిగుడ్డతో తుడిస్తే అక్షరాల గాడుల్లో తెల్లదనం నిలిచిపోయి అవి స్పష్టంగా తేలతాయి. చూసిన తరువాత తడిగుడ్డతో పూర్తిగా తుడిచేయండి. అడుగున పొడి మిగలకూడదు.

మీకు కనబడవలసినవి బూటు అడుగు ఏ అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం చేసిందో చెప్పే అంకెలు. వాటిలో మొదటిది ఐ.ఎస్.ఓ. 5355. ఇది సాధారణ ఆల్పైన్ బూటు, అంటే తీగల మీద కొండెక్కించే లిఫ్టులో పైకి వెళ్లి కిందికి జారడానికి మాత్రమే చేసినది. దీని అడుగు చదునుగా, గట్టి ప్లాస్టిక్‌తో ఉంటుంది. ముందూ వెనుకా పెదవిలా బయటికి పొడుచుకువచ్చిన అంచును బైండింగ్ పట్టుకుంటుంది. పెద్దల బూటులో ముందరి అంచు మందం 19 మిల్లీమీటర్లు, మడమ అంచు మందం 30 మిల్లీమీటర్లు ఉండాలి, ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉండవచ్చు. ఆ కొలతలు అంత కచ్చితంగా ఉన్నందువల్లనే ఒక కంపెనీ బూటు మరొక కంపెనీ బైండింగులో సరిపోతుంది.

రెండవది ఐ.ఎస్.ఓ. 9523. ఇది టూరింగ్ బూటు. కొండను తమ కాళ్లతోనే ఎక్కి ఆపైన జారేవారి కోసం చేసినది కనుక అడుగున రబ్బరు, నడిచేటప్పుడు దొర్లేలా ముందు వైపు కాస్త వంపు ఉంటాయి. వీటిలో చాలా బూట్లకు బొటనవేలి ఇరుపక్కలా లోహపు గుంటలు, మడమ వెనుక లోహపు గాడి కనిపిస్తాయి. నేను కొన్నది ఈ రకమే. గుంటలను చూసి అలంకారమనుకున్నాను.

మూడవది ఐ.ఎస్.ఓ. 23223, వాడుకలో గ్రిప్‌వాక్. కొత్త ఆల్పైన్ బూట్లలో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది ఇదే. పైరెండింటికీ మధ్యరకం: అడుగు కొద్దిగా వంపు తిరిగి, రబ్బరు అతికి ఉంటుంది, అంచులు మాత్రం ఆల్పైన్ పద్ధతికి దగ్గరగా ఉంటాయి. కొన్ని బూట్లలో అడుగు పలకలను స్క్రూలు విప్పి మార్చుకోవచ్చు. అలా ఆల్పైన్ పలక తీసి గ్రిప్‌వాక్ పలక బిగించినప్పుడు బూటు రకమే మారిపోయిందని గుర్తుంచుకుని బైండింగ్‌ను మళ్లీ సరిచూసుకోవాలి.

ఇవిగాక, ముందరి అంచే లేని అతి తేలికపాటి టూరింగ్ బూట్లున్నాయి. అవి బూటు గుంటల్లో దిగే పిన్నులతో పట్టుకునే పిన్ను బైండింగులకే పనికొస్తాయి. సమతలం మీద నడిచే క్రాస్‌కంట్రీ స్కీల బూట్లు పూర్తిగా వేరే కుటుంబం, వాటి ప్రస్తావన ఇక్కడ అనవసరం. పిల్లల బూట్లు కూడా 5355 కిందికే వస్తాయి గాని అందులో పెద్దలది ‘ఎ’ రకం, పిల్లలది ‘సి’ రకం. పిల్లల అడుగు అంచులు సన్నగా, ఇరుకుగా ఉంటాయి. తండ్రి పాత బైండింగులో కొడుకు బూటు పెట్టడం మన ఇళ్లలో చొక్కాలు చిన్నవాడికి దింపినంత సులువైన వ్యవహారం కాదు.

రెండవ అడుగు: బూటు రకానికి బైండింగ్ రకాన్ని జతచేయండి

పాత ఆల్పైన్ బైండింగులు 5355 బూట్లను మాత్రమే తీసుకుంటాయి. గ్రిప్‌వాక్ గుర్తు ఉన్న బైండింగులు గ్రిప్‌వాక్ బూట్లనూ, పెద్దల ఆల్పైన్ బూట్లనూ తీసుకుంటాయి. టూరింగ్ అడుగును కూడా తీసుకునే బహురకపు బైండింగుల మీద సాలమన్, అటామిక్ వంటి కంపెనీలు ఎం.ఎన్.సి. అనీ, మార్కర్ కంపెనీ సోల్ ఐడీ అనీ రాస్తాయి. వీటిలో ముందరి పట్టు ఎత్తును బూటుకు తగినట్టు మార్చుకోవచ్చు. పిన్ను బైండింగులు లోహపు గుంటలున్న బూట్లకే. ఆస్ట్రియాకు చెందిన ఫ్రిట్జ్ బార్తెల్ 1980లలో రూపొందించిన ఈ పద్ధతిలో, రెండు చిన్న పిన్నులు ఆ గుంటల్లో దిగి బూటును పట్టుకుంటాయి. సాధారణ ఆల్పైన్ బూటుకు ఆ గుంటలే ఉండవు.

ఇక్కడ చాలామందిని మోసగించేది ‘టక్’మన్న చప్పుడు. టూరింగ్ బూటును కొన్ని ఆల్పైన్ బైండింగుల్లో బలవంతంగా నొక్కితే కూర్చుంటుంది, చప్పుడూ వస్తుంది. అది సరిపోయినట్టు కాదు. బూటు ముందుభాగం కింద, బైండింగ్ మీద జారుడుపట్టీ ఒకటి ఉంటుంది. మీరు పడి కాలు మెలిపడినప్పుడు బూటు ఆ పట్టీ మీద పక్కకు జారి బయటపడాలి. రబ్బరు అడుగు దాని మీద అంటుకుపోతుంది, వంపు తిరిగిన అడుగు దాన్ని సరైన చోట తాకదు. రెండు సందర్భాల్లోనూ వదలవలసిన సమయానికి బైండింగ్ వదలదు. కాబట్టి చప్పుడును కాక, బూటు మీది అంకెనూ బైండింగ్ మీది గుర్తునూ పక్కపక్కన పెట్టి చూసి నమ్మండి.

ఎటువంటి చోట జారుతారన్నదాన్ని బట్టి కూడా రకం తేలుతుంది. ఔలీలో చదునుచేసిన వాలుల మీద, లిఫ్టు సాయంతో జారేవారికి ఆల్పైన్ లేదా గ్రిప్‌వాక్ బైండింగ్ చాలు. గుల్మార్గ్‌లో గొండోలా అనే రోప్‌వే రెండవ దశ ఎక్కి అఫర్వత్ కొండ పైభాగానికి చేరి, అక్కడినుంచి ఎవరూ చదునుచేయని మంచులో తిరిగేవారికి టూరింగ్ బూట్ల మీద మనసు పోవడం సహజమే. కాని ఏడాదికి వారం రోజులు వెళ్లే విశాఖవాసికి పిన్ను బైండింగ్ కన్నా బహురకపు బైండింగే మేలని నా అభిప్రాయం. రేపు బూటు మారినా అది పనికొస్తుంది.

మూడవ అడుగు: అడుగు పొడవు రాసుకోండి

బూటు కొలతగా చెప్పుకునే 26.5, 27.5 వంటివి పాదం పొడవును సెంటీమీటర్లలో చెబుతాయి. బైండింగుకు వాటితో పని లేదు. దానికి కావలసింది బూటు అడుగు ఈ కొస నుంచి ఆ కొస వరకు ఎన్ని మిల్లీమీటర్లన్నది. మడమ పక్కన 305 అనో, 317 అనో మూడంకెలు పోతపోసి ఉంటాయి, అదే. ఒకే పాదం కొలత ఉన్న రెండు కంపెనీల బూట్లకు ఈ అంకె వేరుగా ఉండవచ్చు. ఒకే కంపెనీలో 26కూ 26.5కూ సాధారణంగా బయటి తొడుగు ఒకటే కనుక ఈ అంకె కూడా ఒకటే అవుతుంది. అంకె అరిగిపోయి ఉంటే బూటును గోడకు ఆనించి, ఇంకో కొసకు మూలమట్టం పెట్టి, స్టీలు స్కేలుతో కొలవవచ్చు.

ఆ తరువాత బైండింగ్ ఎంత పొడవు నుంచి ఎంత పొడవు వరకు సర్దుబాటు అవుతుందో చూడాలి. స్కీలో నేరుగా రంధ్రాలు చేసి బిగించేవాటిలో మడమ పట్టు కొద్ది సెంటీమీటర్లే ముందుకూ వెనక్కూ జరుగుతుంది. పట్టాల మీద జరిగేవాటికి చాలా వెసులుబాటు ఉంటుంది. అద్దె దుకాణాలు ఒకే స్కీని పొద్దున ఒకరికీ, మధ్యాహ్నం ఒకరికీ ఇవ్వగలిగేది ఈ పట్టాల వల్లనే. ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఒకే స్కీని పంచుకునేటట్టయితే పట్టాల రకమే కొనండి. బరువు కాస్త ఎక్కువే. మన ప్రయోజనానికి అది పెద్ద లోపం కాదు.

నాలుగవ అడుగు: డిన్ అంకె

బైండింగ్ ముందూ వెనుకా చిన్న కిటికీల్లో కనిపించే అంకెను డిన్ అంటారు. అంకె పెరిగేకొద్దీ బూటు ఊడడానికి ఎక్కువ బలం కావాలి. దీన్ని నిర్ణయించేవి ఐదు: బరువు, ఎత్తు, వయసు, ఇంతకుముందు రాసుకున్న అడుగు పొడవు, మీరు జారే తీరు. జారే తీరులో మూడు వర్గాలున్నాయి: నిదానంగా, జాగ్రత్తగా జారేవారు మొదటి వర్గం, వేగంగా, నిటారు వాలుల మీద జారేవారు మూడవ వర్గం, మిగిలినవారు రెండవ వర్గం. ఈ వివరాలతో అంకెను తేల్చే డిన్ పట్టికలో బరువు ఒక వరుస చూపి, ఎత్తు మరొక వరుస చూపితే తక్కువ అంకె ఇచ్చే వరుసనే తీసుకుంటారు. వయసు 50 దాటినా, 10 లోపైనా ఇంకొక వరుస తగ్గిస్తారు.

ఉదాహరణకు 72 కిలోల బరువు, 172 సెంటీమీటర్ల ఎత్తు, 305 మిల్లీమీటర్ల అడుగు ఉన్న నలభై ఏళ్ల వ్యక్తి మొదటి వర్గంలో జారితే అతని అంకె సుమారు 5 దగ్గర తేలుతుంది. అదే మనిషికి యాభై దాటితే ఇంకా తగ్గుతుంది. అంకె చిన్నదని చిన్నబోవలసిన పని లేదు.

ఈ అంకె తెలిశాక బైండింగ్ పరిధిని చూడండి. మీ అంకె ఆ పరిధికి నడుమ పడాలి, చివర్లలో పడకూడదు. మార్కర్ గ్రిఫాన్ 4 నుంచి 13 వరకు, లుక్ పివట్ 15 అనేది 6 నుంచి 15 వరకు సర్దుబాటవుతాయి. పైన చెప్పిన 5 అంకె మనిషికి రెండవది అసలు పనికే రాదు, మొదటిదైనా కింది కొసకు దగ్గరే. 3 నుంచి 10 లేదా 11 వరకు ఉండే మధ్యస్థపు బైండింగే అతనికి తగినది, ధర కూడా తక్కువ. పిల్లల బైండింగులు సుమారు 0.75 దగ్గర మొదలవుతాయి. పెద్ద అంకె ఉన్న బైండింగ్ కొంటే గట్టి సరుకు కొన్నామన్న తృప్తి ఉంటుందేమో గాని, అది పడినప్పుడు వదలని సరుకు.

అద్దె దుకాణంలో ఫారం నింపేటప్పుడు బరువు తగ్గించి రాయడం, అనుభవం పెంచి రాయడం మనవాళ్లకు అలవాటు. బరువు తగ్గించి రాస్తే చిన్న కుదుపుకే బూటు ఊడిపోతుంది. అనుభవం పెంచి రాస్తే ఊడవలసినప్పుడు ఊడదు. ఇంట్లో తూకం యంత్రం మీద నిలబడి, వచ్చిన అంకెనే రాయండి. అంకెను నిర్ణయించి బిగించడం మాత్రం శిక్షణ ఉన్న మెకానిక్ పని. మీ లెక్క అతను చేసినదాన్ని సరిచూసుకోవడానికి.

ఐదవ అడుగు: బ్రేకు వెడల్పు

ఇది చిన్న విషయం. స్కీ నడుము, అంటే మధ్యలో సన్నగా ఉండే చోటు, దాని వెడల్పు మిల్లీమీటర్లలో స్కీ మీదే రాసి ఉంటుంది. బ్రేకు దానికి సమానంగా గాని, దానికన్నా 15 మిల్లీమీటర్ల లోపు ఎక్కువగా గాని ఉండాలి. 88 నడుముకు 90 లేదా 100 బ్రేకు సరిపోతుంది. ఇరుకైతే బ్రేకు చేతులు కిందికి దిగవు, మరీ వెడల్పైతే స్కీ పక్కకు ఒరిగినప్పుడు అవి మంచుకు తగులుతాయి.

ఆరవ అడుగు: బిగింపు, సరిచూపు

రంధ్రాలు చేసే పని విశాఖలో వడ్రంగికో, డ్రిల్లు ఉన్న మిత్రుడికో అప్పగించకండి. ఎంత నేర్పరి అయినా సరే. స్కీ లోపల చెక్క ఒక్కటే ఉంటే 3.6 మిల్లీమీటర్ల బిట్టు, లోహపు పొర ఉంటే 4.1 బిట్టు వాడతారు, లోతు 9 మిల్లీమీటర్లే. ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా స్క్రూ పట్టదు, లోతు మించితే అడుగుపొర ఉబ్బుతుంది. ప్రతి బైండింగ్‌కూ ప్రత్యేకమైన అచ్చుపలక పెట్టి, బూటు పక్కనున్న మధ్యగీత స్కీ మీది గీతకు ఎదురుగా వచ్చేలా చూసి రంధ్రాలు చేస్తారు.

అందుచేత స్కీ, బైండింగ్ కలిపి బిగించి వచ్చే జతను కొనడం మనకు శ్రేయస్కరం. విడిగా కొనక తప్పకపోతే, కొన్నచోటనే, బూటు చేతికిచ్చి బిగించుకోండి. విదేశం నుంచి బంధువు తెస్తున్నట్లయితే బూటు అడుగు ఫోటో, మడమ పక్క అంకె ఫోటో, పైన చెప్పిన ఐదు వివరాలు అతనికి పంపండి. పాత బైండింగులు కొనేటప్పుడు, తయారీదారులు తాము ఇంకా బాధ్యత వహించే నమూనాల జాబితాను ఏటా ప్రకటిస్తారని గుర్తుంచుకోండి. ఆ జాబితాలో లేనిదాన్ని విదేశీ దుకాణాలు సాధారణంగా సర్దుబాటు చేయడానికి కూడా ముట్టుకోవు.

బిగించిన తరువాత మీరు చూడదగినవి మూడు. బూటు పెట్టి మడమ నొక్కినప్పుడు మడమ పట్టు వెనుకనున్న సూచిక తయారీదారు గీసిన గీతల మధ్యకు రావాలి, బూటును ముందుకు నొక్కి ఉంచే ఒత్తిడి సరిగ్గా ఉందనడానికి అదే గుర్తు. ముందరి పట్టు ఎత్తు మార్చుకునే రకమైతే, అడుగుకూ జారుడుపట్టీకీ నడుమ దూరం బైండింగ్ పుస్తకంలో చెప్పినంతే ఉండాలి. చివరిది, బైండింగ్ ఎంత బలానికి వదులుతుందో యంత్రం మీద పరీక్షించమని అడగడం. కిటికీలో 5 అని కనిపించినంత మాత్రాన స్ప్రింగు 5కే వదులుతుందన్న హామీ లేదు.

తిరిగి వచ్చాక

స్కీ సామానుకు కొండల కన్నా విశాఖ వాతావరణమే కఠినం. సముద్రపు ఉప్పుగాలికి బ్రేకు స్ప్రింగులు, స్క్రూ తలలు తుప్పు పడతాయి. చాలా బూట్ల ప్లాస్టిక్ పాలియురిథేన్. అది తేమలో ఏళ్ల తరబడి ఉంటే లోలోపల విరిగి, పైకి బాగానే కనిపిస్తూ, ఒకరోజు వాలు మీద పెంకులా పగులుతుంది. అటక మీద ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి పెట్టడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. బూటు లోపలి మెత్తని తొడుగు బయటికి తీసి ఆరబెట్టి, బకిల్స్ వదులుగా తగిలించి, గాలి ఆడే బీరువాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. బైండింగ్ మీద తుప్పు వదిలించే నూనె స్ప్రే కొట్టవద్దు, అది లోపలి గ్రీజును కరిగిస్తుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

కొత్త బూట్లు వేసుకుని రామకృష్ణా బీచ్‌లో ఫోటో దిగాలన్న ముచ్చట చాలామందికి ఉంటుంది. తారురోడ్డు అడుగు అంచును అరగదీస్తుంది, ఇసుక దాని గాడుల్లో చేరి జారుడుపట్టీని గీరుతుంది. ముందరి అంచు 18 మిల్లీమీటర్ల కన్నా తగ్గిన ఆల్పైన్ బూటు ఏ బైండింగులోనూ నమ్మదగినది కాదు. ఫోటో ఇంట్లో దిగండి.

మళ్లీ బయలుదేరే ముందు అడుగు రకం, అడుగు పొడవు, డిన్ అంకె, ఆ అంకె లెక్కించిన నాటి బరువు ఒక చిన్న కాగితం మీద రాసి, బూటు నాలుక లోపలి వైపు అతికించండి. బూట్లను విమానంలో చేతిసంచీలో పెట్టుకోండి, స్కీలు దారితప్పినా అద్దెకు దొరుకుతాయి. వాలు మీద మొదటిసారి స్కీ తొడిగే ముందు బూటు అడుగున అంటుకున్న మంచును బైండింగ్ అంచుకో, కర్రకో గీకి పూర్తిగా వదిలించండి. ముందు బొటనవేలి వైపు అంచును పట్టులోకి దూర్చి, ఆపైన మడమను నేరుగా కిందికి తొక్కండి. కాలు పైకెత్తి చూస్తే బ్రేకు చేతులు స్కీకి సమాంతరంగా పైకి లేచి ఉండాలి, మడమ పక్కలకు కదలకూడదు. కదిలితే స్కీ విప్పి, మంచు మళ్లీ గీకి తొడగండి. అప్పటికీ కదిలితే లిఫ్టు ఎక్కకుండా నేరుగా మెకానిక్ దగ్గరకు నడవండి.